పిల్లలకు మీకా వాక్యము

పాత నిబంధనలోని ప్రవక్తల గ్రంథములలో మీకా గ్రంథము చిన్నది. ఏడధ్యాయములు మాత్రమే కలవు. అందు ఆరవ అధ్యాయములోని ఎనిమిదవ వచనమును క్రైస్తవ కుటుంబములలో పిల్లలకు చిన్ననాటనే కంఠతవాక్యముగా నేర్పుదురు. దాని భావమును మా మాటలలో చెప్పవలెనన్నచో, దేవుడు మనుష్యుని అడుగునవి మూడే: న్యాయమును ఆచరించుట, దయయందు ప్రీతి కలిగియుండుట, తన దేవునితో అణకువగా నడచుట. సండేస్కూలులో ఐదారేండ్ల పిల్ల కూడ దీనిని తడుముకొనకుండ అప్పగింపగలదు. అప్పగించి ఇంటికి వచ్చి, "న్యాయమంటే ఏంటమ్మా?" అని అడిగినప్పుడు పెద్దలకు కష్టము మొదలగును.

ఆ ప్రశ్నకు ఏమి జవాబు చెప్పవచ్చునో కొంచెము ఆలోచింతము. వాక్యము బైబిలులోనిది, ప్రశ్న మాత్రము అన్ని ఇండ్లలోను పుట్టునదే. కాబట్టి ఏ మతమునకు చెందిన శ్రోతలైనను దీనిని తమ ఇంటి మాటగానే వినవలెనని మా కోరిక.

సాధారణముగా మనము చేయు పని యొకటి కలదు. న్యాయమనగా మంచి గుణమందుము. దయ అనగా మంచి గుణమందుము. అణకువయు మంచి గుణమే యందుము. ఇట్లు మూడును కలిసి "బుద్ధిగా ఉండు" అను ఒక్క మాటగా తేలిపోవును. పిల్లవాడు తల యూపి ఆటకు పోవును. కాని ఆ మూడును ఒకటి కావు. ఒక్కొక్కప్పుడు అవి తమలో తాము తగవులాడుకొనుచున్నట్లు కూడ కనబడును. ఆ తగవును మనకంటె ముందుగా కనిపెట్టువారు పిల్లలే.

తమ్ముడు అక్క బొమ్మను విరుగగొట్టినాడనుకొందము. అక్క ఏడ్చుచు వచ్చును. "పోనీలే తల్లీ, చిన్నవాడు కదా, వాడిమీద దయ చూపించాలి" అని తల్లి అనును. "మరి నా బొమ్మో?" అని అక్క అడుగును. ఇది మొండి పిల్ల మాట యని త్రోసివేయుట సులభము. కాని ఆ ప్రశ్నలో మీకా ప్రవక్త జీవితాంతము పోరాడిన విషయమే యిమిడియున్నది. దయ చూపుమని చెప్పువారు, నష్టపోయినవారి మాట యేమి చేసిరి? ఈ ప్రశ్నకు జవాబు చెప్పనిదే ఆ వాక్యమును పిల్లలకు బోధించినట్లు కాదు.

ముందుగా ఆ ప్రవక్త యెవరో పిల్లలకు చెప్పవలెను. పిల్లలకు మనిషి కనబడినగాని మాట వినబడదు. మీకా క్రీస్తుకు పూర్వము ఎనిమిదవ శతాబ్దివాడు. అనగా నేటికి సుమారు 2700 సంవత్సరముల క్రిందటివాడు. యూదా దేశమును యోతాము, ఆహాజు, హిజ్కియా అను రాజులు వరుసగా ఏలిన కాలమది. యెరూషలేమునకు నైరృతి దిక్కున, కొండలు దిగి మైదానము చేరుచోట మోరెషెతు అను పల్లె యుండెను. మీకా ఆ పల్లెవాడు. అతని సమకాలికుడైన యెషయా రాజధానిలో రాజులతో మాటలాడెను. మీకా పల్లెలో పొలము పోగొట్టుకొన్నవారి పక్షమున మాటలాడెను.

అతడు చూచినదేమి? కలవారు రాత్రి పడకలమీద పండుకొని ఇతరుల పొలములను ఎట్లు కాజేయవలెనో యోచించి, తెల్లవారగానే ఆ పని ముగించెడివారట. స్త్రీలను వారి యిండ్లనుండి వెడలగొట్టెడివారు. వారి పసిపిల్లలకు నిలువ నీడ లేకుండ చేసెడివారు. న్యాయాధిపతులు లంచము తిని తీర్పు చెప్పెడివారు. వర్తకులు తక్కువ కొలతలతో కొలిచి, సంచిలో దొంగ తూనికరాళ్ళు పెట్టుకొని అమ్మెడివారు. ఇవన్నియు మీకా గ్రంథములోనే ఉన్నవి. పిల్లలకు దీనిని చెప్పునప్పుడు ఏమియు పెంచి చెప్పనక్కరలేదు. పొలము, ఇల్లు, తక్కెడ – ఈ మూడును ప్రతి పిల్లకును తెలిసినవే.

ఆ దినములు భయంకరమైనవి కూడ. క్రీ.పూ. 722 ప్రాంతమున ఉత్తరపు ఇశ్రాయేలు రాజ్యమునకు రాజధానియైన షోమ్రోను అష్షూరువారి చేత చిక్కెను. క్రీ.పూ. 701లో అష్షూరు రాజైన సన్హెరీబు యూదామీదికి దండెత్తి వచ్చి, మీకా పల్లెకు సమీపముననే యున్న లాకీషు పట్టణమును పట్టుకొనెను. ఆ ముట్టడిని అతడు నీనెవె నగరములోని తన రాజభవనపు గోడలమీద రాతిపలకలపై చెక్కించుకొనెను. ఆ పలకలు నేడు లండనులోని బ్రిటిష్ మ్యూజియములో ఉన్నవి. ఓడిపోయిన పట్టణమునుండి జనులు మూటలు మోసికొని, ఎడ్లబండ్లమీద ఆడువారిని పిల్లలను ఎక్కించుకొని దేశము విడిచిపోవుచున్న దృశ్యము వానిపై కానవచ్చును. మీకా మాటలు అట్టి కాలమున పుట్టినవి. తీరికగా కూర్చుండి వ్రాసిన నీతిసూత్రములు కావవి.

ఇక ఆ వచనము ఏ సందర్భమున వచ్చెనో చూతము. ఆరవ అధ్యాయము న్యాయస్థానము వలె ప్రారంభమగును. దేవునికిని ఆయన ప్రజలకును వ్యాజ్యెము. పర్వతములే సాక్షులు. ప్రజల పక్షమున ఒకడు లేచి, దేవుని కోపము తీరుటకు ఏమి తెమ్మందురని అడుగును. ఏడాది దూడలు చాలునా? వేలకొలది పొట్టేళ్ళు కావలెనా? నూనె నదులు పదివేలు పారింపవలెనా? కడకు తన జ్యేష్ఠపుత్రునే అర్పింపవలెనా? ఇట్లు వెల పెంచుచు పోవును. దీనిని పిల్లలకు బేరముగా చెప్పినచో వెంటనే తెలిసికొందురు. తప్పు చేసినవాడు తప్పు దిద్దుకొనుట మాని, ఏమి ఇచ్చిన ఊరకుందువని అడుగుచున్నాడు. ప్రవక్త ఆ బేరమును ఒక్క మాటతో త్రెంచివేసెను. కావలసినదేదో నీకిదివరకే తెలుసునని చెప్పి, ఆ మూడింటిని పేర్కొనెను.

మొదటిది న్యాయము. హీబ్రూభాషలో ఇచ్చట నున్న పదము మిష్పాత్. న్యాయస్థానమున చెప్పు తీర్పునకును, ఒక మనిషికి చెందవలసిన హక్కునకును కూడ ఆ పదమే వాడుదురు. ఈ రెండవ అర్థమును పిల్లలకు మొదట చెప్పవలెను. ఏలయనగా, న్యాయమన్నంతనే పిల్లలు దండనను తలచుకొందురు. లేక సమానముగా పంచుటను తలచుకొందురు. లడ్డు సగము చేసి ఇద్దరికి ఇచ్చుట న్యాయమే. కాని జ్వరముతో లేచిన చెల్లెలికి ఒక గ్లాసు పాలెక్కువ ఇచ్చినప్పుడు అన్నకు అన్యాయము జరుగలేదు. ఎవరికి ఏది చెందవలెనో అది వారికి చెందుటయే న్యాయము. ఈ మాటను ఎనిమిదేండ్ల పిల్ల సులభముగా గ్రహించును.

పిల్లల చేత ఒక పని చేయించి చూడుడు. రెండు కొబ్బరిచిప్పలను దారములతో ఒక పుల్లకు కట్టి తక్కెడ చేయించవలెను. ఒకేరీతిగా కనబడు రెండు చిన్న రాళ్ళను ఏరి తెమ్మనవలెను. వానిలో ఒకదాని బరువు కొంచెము తక్కువ కావలెను. ఒక రాతితో చింతపిక్కలు తూచి ఒకరికిచ్చి, రెండవ రాతితో తూచి మరియొకరికి ఇచ్చి, లెక్కపెట్టుమనవలెను. మోసము ఎట్లు జరుగునో చేతికే తెలియును. తూచువాడు నవ్వుచునే యుండును. తక్కెడ ముల్లు సరిగానే నిలుచును. ఐనను ఒకరి పిక్కలు తగ్గిపోవును. యూదా ప్రాంతపు త్రవ్వకములలో ఆ కాలపు సున్నపురాతి తూనికరాళ్ళు అనేకము దొరకినవి. వానినిబట్టి ఒక షెకెలు సుమారు 11 గ్రాములని లెక్క కట్టినారు. సంచిలో పెద్దది యొకటి, చిన్నది యొకటి రెండు రకముల రాళ్ళు ఉంచుకొనరాదని ద్వితీయోపదేశకాండము శాసించుచున్నది. కొనునప్పుడు పెద్దరాయి, అమ్మునప్పుడు చిన్నరాయి – అదియే మీకా చూచిన మోసము.

ఆట ముగిసిన పిమ్మట పిల్లలను ఒక ప్రశ్న అడుగవచ్చును. దొంగరాతితో తూచి వంద పిక్కలు మిగుల్చుకొన్న వర్తకుడు, సాయంకాలమున ఒక బీదవానికి పది పిక్కలు దానము చేసినాడు. అతడు దయగలవాడా? పిల్లలు మొదట అవునందురు. మరల ఆలోచించి, "అవి అతనివి కావు కదా!" అందురు. ఆ మాట వారి నోటినుండి వచ్చినచో సగము పాఠము ముగిసినట్లే.

రెండవది దయ. హీబ్రూలో దీనికి వాడిన పదము హెసెద్. తెలుగులో కనికరమనియు, కృప యనియు, దయ యనియు చెప్పుదుము. ఐనను ఆ పదములో జాలికంటె ఎక్కువ బలము కలదు. ఒకరితో ఒకరికి ఏర్పడిన బంధమును విడువక నిలుపుకొనుట అందులోని ముఖ్యార్థము. జాలి చూచినంతసేపు ఉండి పోవచ్చును. హెసెద్ మరునాడు కూడ వచ్చును. భర్త పోయిన రూతు, ముసలియత్త నయోమిని ఒంటరిగా పంపక, ఆమె వెంట పరాయిదేశమునకు నడచిపోయెను. రూతు గ్రంథములో ఆ నడవడిని ఇదే పదముతో మెచ్చుకొందురు. పిల్లలకు హెసెద్ అర్థము చెప్పుటకు ఆ కథకంటె మంచి దారి లేదు.

ఆ కథలోనే మరియొక విశేషమున్నది. బేత్లెహేమునకు వచ్చిన రూతు కోతకోయు పొలములో పరిగె ఏరుకొని అత్తను పోషించెను. పరిగె యనగా ఏమో మన పల్లెపిల్లలకు చెప్పనక్కరలేదు. కోతగాండ్రు పోయిన వెనుక చేలో రాలియున్న వెన్నులను పేదలు ఏరుకొనుట మన తెలుగుదేశమందును ఉన్నదే. ఇశ్రాయేలీయుల ధర్మశాస్త్రము దీనిని యజమాని ఇష్టమునకు వదలలేదు. పొలము అంచులను పూర్తిగా కోయరాదు. రాలిన పరిగె ఏరరాదు. చేలో మరచిపోయిన పనకొరకు తిరిగి పోరాదు. అవి పరదేశికి, తండ్రిలేనివానికి, విధవరాలికి చెందునని లేవీయకాండమును ద్వితీయోపదేశకాండమును విధించినవి.

ఇందులోని సొగసును పిల్లలు గమనించునట్లు చేయవలెను. యజమాని వాకిట నిలిచి గింజలు పంచిపెట్టుట లేదు. పేదవాడు చేయి చాచి అడుగుట లేదు. అతడు తలయెత్తుకొని పొలములోనికి వచ్చి, తన చేతులతో కోసికొని, తన కష్టముతో తెచ్చుకొనుచున్నాడు. అది దయయా, న్యాయమా? రెండును. దయ తన చేతికి పేరు రాకుండ న్యాయముగా మారిపోయినది. ధర్మము చేసినవాని గొప్ప అక్కడ కనబడదు. పుచ్చుకొన్నవానికి సిగ్గు లేదు.

న్యాయమునకును దయకును ఉన్న సంబంధమును తెలుపు మరియొక సాక్ష్యము 1960లో భూమినుండి బయటపడెను. యొప్పేకును అష్డోదునకును నడుమ సముద్రతీరమున నున్న ఒక పాత కోటను పురాతత్త్వశాస్త్రజ్ఞుడు జోసెఫ్ నవే త్రవ్వించుచుండగా, సిరాతో వ్రాసిన కుండపెంకు ముక్కలు దొరకినవి. ముక్కలన్నింటిని కూర్చి చదువగా అది ఒక అర్జీ యని తేలెను. క్రీ.పూ. ఏడవ శతాబ్దపు చివరిభాగమునకు చెందినది. అనగా మీకా తరువాత సుమారు నూరేండ్లది. అర్జీదారుడొక కోతగాడు. అతని పేరు మనకు దక్కలేదు. అతని వస్త్రము లాగికొనిన వాని పేరు మాత్రము పెంకుమీద ఉన్నది: హోషయాహు.

ఆ కూలివాడు అధికారికి చెప్పుకొనినది ఇది. తాను కోయవలసినంత కోసి, కొలిచి, కొట్టులో వేసినాడు. ఐనను హోషయాహు వచ్చి తన వస్త్రము తీసికొనిపోయినాడు. తనతోపాటు ఎండలో కోసిన తోడివారందరు సాక్ష్యము చెప్పగలరు. తాను నిర్దోషి, కాబట్టి వస్త్రము తిరిగి ఇప్పింపవలెను. కడపటి పంక్తులు చెరిగియున్నవి. పండితులు చదివినంతలో, ఒకవేళ తనకు హక్కు లేదని తోచినను తనను కనికరించి ఇప్పింపుమని అతడు వేడుకొనినాడు. చూడుడు: మొదట న్యాయమడిగినాడు, పిదప కనికరమడిగినాడు. న్యాయము ఉండగా కనికరమును అడుగవలసిన పని లేదని ఆ పామరునికి తెలుసును. న్యాయము దొరకనిచో కనికరమైనను లేక బ్రతుకలేనని కూడ తెలుసును.

పేదవాని పైవస్త్రమును తాకట్టు పెట్టుకొనినచో ప్రొద్దుగ్రుంకకముందే తిరిగి ఇయ్యవలెనని, రాత్రి కప్పుకొనుటకు అతనికి అదియే ఆధారమని ధర్మశాస్త్రము చెప్పుచున్నది. ఆ అధికారి వస్త్రము ఇప్పించెనా లేదా యన్నది పెంకు చెప్పదు. ఈ కథను పిల్లలకు ఇక్కడికే చెప్పి ఆపి, "నీవు ఆ అధికారివైతే ఏం చేస్తావు?" అని అడుగవలెను. వారు చెప్పు జవాబులను పెద్దలు వినదగును.

ఇప్పుడు విరిగిన బొమ్మ వద్దకు తిరిగి వత్తము. అక్కతో తల్లి ఏమి చెప్పవలెను? మాకు తోచినది చెప్పుచున్నాము. దయ చూపుటకు ఎవరికి హక్కున్నది? ఎవరికి నష్టము కలిగెనో వారికే. తల్లి కప్పును కొడుకు పగులగొట్టినచో తల్లి క్షమింపవచ్చును. ఆ క్షమ ఆమె సొత్తు. అక్క బొమ్మ విరిగినప్పుడు క్షమ అక్క సొత్తు. దానిని తల్లి తీసికొని కొడుకునకు దానము చేసినచో, అది తనది కాని పిక్కలను దానము చేసిన వర్తకుని దయయే యగును. కావున ముందుగా న్యాయము జరుగవలెను. తమ్ముడు తప్పు ఒప్పుకొనవలెను. బొమ్మను అతికించుటకు ఆ చిన్నచేతులు సాయపడవలెను. చేతనైనచో తన వస్తువులలో ఒకటి ఇయ్యవలెను. అటుపిమ్మట అక్కను అడుగవలెను. అప్పుడామె "పోనీలే" అన్నచో ఆ పోనీలే నిజమైన దయ. తల్లి బలవంతముమీద అన్నచో అది ఓటమి మాత్రమే.

మీకా వాక్యములోని క్రియాపదములను గమనింపుడు. న్యాయమును ప్రేమింపుమని అనలేదు, చేయుమనినాడు. దయను చేయుమని అనలేదు, ప్రేమింపుమనినాడు. న్యాయము మన మనసు బాగున్నను బాగుండకున్నను చేసి తీరవలసినది. దానికి ప్రేమ కలుగువరకు ఆగరాదు. దయ అట్లు కాదు. అది బలవంతమున రాదు. ఇష్టపడినగాని పుట్టదు. కాబట్టి పిల్లలచేత న్యాయమును చేయింపవచ్చును. దయను మాత్రము వారికి రుచి చూపవలెను. తమకు ఎవరైన దయ చూపిన అనుభవము లేని పిల్లలు దయను ఎట్లు ప్రేమింపగలరు?

ఇచ్చట మనమొక అలవాటును పరీక్షించుకొనవలసియున్నది. వాకిటికి బిచ్చగాడు వచ్చినప్పుడు పిల్లల చేతికి నాణెమిచ్చి వేయించుట చాల యిండ్లలో ఉన్నది. దయ అలవడునని పెద్దల ఉద్దేశము. మంచిదే. కాని అదే యింట అంట్లు తోమిన మనిషి నెల జీతము కొరకు మూడుసార్లు తిరుగుచున్నచో, ఆ పిల్ల నేర్చుకొనునదేమి? నాణెము వేయుట మన గొప్ప. జీతము ఇచ్చుట మన ఇష్టము – ఇదియే నేర్చుకొనును. కూలివాని కూలి ప్రొద్దుగ్రుంకకముందే ఇయ్యవలెనని ధర్మశాస్త్రము చెప్పుచున్నది; వాడు బీదవాడు, దానిమీదనే ఆశ పెట్టుకొనియుండును. జీతము సమయమునకు ఇచ్చునప్పుడు ఆ డబ్బును పిల్లలచేత ఇప్పించుడు. రెండు చేతులతో ఇమ్మని, "తీసుకోండమ్మా" అని మర్యాదగా అనుమని నేర్పుడు. బిచ్చగానికి వేసిన నాణెముకంటె ఆ పని మీకా వాక్యమును ఎక్కువ బోధించును.

మూడవది అణకువ. ఇచ్చట నున్న హీబ్రూపదము ఈ రూపములో పాత నిబంధనయందు మరెక్కడను కానరాదు. అణగియుండుట, జాగ్రత్తగా మెలగుట అని దానికి అర్థము చెప్పుదురు. పిల్లలకు దీనిని విప్పుటకు నడక అను మాట చాలును. తాతగారి చేయి పట్టుకొని సంతకు పోవు పిల్లవాడు ముందుకు పరుగెత్తడు, వెనుక చతికిలబడడు. ఆయన అడుగులో అడుగు వేయును. దారి ఆయనకు తెలుసునను నమ్మకమే దానికి కారణము. దేవునితో నడచుటయు అట్టిదే.

ఈ మూడవది లేనిచో మొదటి రెండును చెడిపోవును. అణకువ లేని న్యాయము పిల్లలను చాడీకోరులుగా మార్చును. ఎవరు ఏ తప్పు చేసిరో లెక్కపెట్టుటయే వారి పని యగును. అణకువ లేని దయ వారిని చిన్న దొరలుగా చేయును. ఇచ్చు చేయి ఎప్పుడును తమదే యనుకొందురు. తామును ఒకనాడు తప్పు చేయుదుమని, తమకును ఒకనాడు కనికరము కావలసివచ్చునని తెలిసినవారు మాత్రమే ఆ రెండింటిని చెడకుండ నిలుపుకొనగలరు.

ఐతే ఈ మూడవ పాఠము పిల్లలకంటె పెద్దలకే కఠినమైనది. న్యాయమును నేర్చిన పిల్లవాడు దానిని మొదట ప్రయోగించునది మనమీదనే. "నాన్నా, ఆ రిక్షా ఆయనకి ముందు చెప్పినదానికంటే తక్కువ ఎందుకిచ్చావు?" అని నలుగురిలో అడుగును. "అమ్మా, పనామెకి వేరే గ్లాసు ఎందుకు?" అని ఆమె యెదుటనే అడుగును. అప్పుడు మనము "పెద్దవాళ్ళ విషయం నీకెందుకు?" అని కసరినచో, కంఠతవాక్యము కంఠములోనే నిలిచిపోవును. లోనికి దిగదు. న్యాయమనునది చిన్నవారు పెద్దవారిని అడుగరానిదని పిల్లవాడు స్థిరపరచుకొనును. అట్టివాడు రేపు పెద్దవాడై తనకంటె చిన్నవారిని అదే మాటతో కసరును.

దీనికి విరుగుడుగా బైబిలులోనే ఒక వృత్తాంతమున్నది. మీకా తరువాత సుమారు నూరేండ్లకు, యెహోయాకీము రాజైన తొలిదినములలో, యిర్మియా ప్రవక్త దేవాలయమునకు నాశనము తప్పదని పలికెను. యాజకులును ఇతర ప్రవక్తలును అతనికి మరణశిక్ష విధింపవలెనని పట్టుపట్టిరి. అప్పుడు దేశములోని పెద్దలు కొందరు లేచి ఒక పాతమాట జ్ఞాపకము చేసిరి. హిజ్కియా దినములలో మోరెషెతువాడైన మీకా యెరూషలేమును గూర్చి ఇంతకంటె కఠినముగా పలికెను గదా, రాజు అతనిని చంపించెనా? లేదు, దేవునికి భయపడి దిద్దుకొనెను. యిర్మియా ఆ గండమునుండి బయటపడుటకు ఈ సాక్ష్యమును తోడయ్యెను. అతనికి అండగా నిలిచిన అహీకాము అను ఉద్యోగి పేరు కూడ గ్రంథములో కలదు.

ఆలోచించి చూడుడు. ఒక రాజు ఒకనాడు ఒక పల్లెవాని నోటి కఠినవాక్యమును సహించి వినెను. ఆ వినుట నూరేండ్లు పెద్దల జ్ఞాపకములో నిలిచి, మరియొకని ప్రాణము కాపాడుటకు పనికివచ్చెను. అణకువ యనగా తల వంచుకొని కూర్చుండుట యని పిల్లలకు చెప్పవలదు. మనకంటె చిన్నవాడు చెప్పినను న్యాయమైన మాటను వినుట అణకువ యని ఈ కథతో చెప్పవచ్చును. మన యింటిలో ఒక పిల్ల అడిగిన ప్రశ్నను మనము నేడు సహించి వినినచో, అది ఎవరికి ఎప్పుడు ఉపయోగపడునో మనకు తెలియదు.

యూదుల తల్మూదులో రబ్బీ సిమ్లాయి అను ఆచార్యుని బోధ యొకటి కలదు. మోషేకు ఇయ్యబడిన ఆజ్ఞలు 613 అనియు, దావీదు వానిని 11గా, యెషయా 6గా, మీకా 3గా కుదించిరనియు ఆయన చెప్పెను. మూడు వ్రేళ్ళమీద లెక్కింపదగినది కాబట్టియే అది పిల్లల వాక్యమైనది. పెద్ద సభలలోను అది వినబడినది. 1977 జనవరి 20న అమెరికా అధ్యక్షుడుగా ప్రమాణము చేసిన జిమ్మీ కార్టరు, తన తల్లి ఇచ్చిన బైబిలును ఆ వచనమువద్ద తెరచియుంచి ప్రమాణము చేసి, ప్రసంగములో దానిని స్మరించెను. బైబిలు తల్లి ఇచ్చినదని ఆయన ప్రత్యేకముగా చెప్పుట గమనింపదగినది.

ఈ వాక్యమును ఇంట పిల్లలకు చెప్పదలచినవారు ఒకే సాయంకాలమున మూడును చెప్పవలదని మా మనవి. మొదటి వారము తక్కెడ ఆట ఆడించుడు. రెండవ వారము రూతు కథయు, కుండపెంకు కథయు చెప్పుడు. మూడవ వారము మీరేమియు చెప్పక, ఇంటిలో ఏది న్యాయముగా లేదో పిల్లలనే చెప్పుమని అడుగుడు. వారు మొదట తమ వాటా మిఠాయి సంగతి చెప్పుదురు. నవ్వవలదు, తీర్పు చెప్పుడు. పిదప ఇంటిలో పనిచేయువారి సంగతియో, ముసలి అమ్మమ్మ ఒంటరిగా భోజనము చేయు సంగతియో చెప్పుదురు. అప్పుడు తీర్పు చెప్పుటకు తొందరపడక, దిద్దవలసినది దిద్దుడు. మరునాడు ఆ పిల్లలు వాక్యమును అప్పగించునప్పుడు, దాని అర్థము వారికి వేరుగా చెప్పవలసిన పని యుండదు.